తేలిక సిగరెట్టు మీద నల్ల వేలిముద్ర

సైకిల్ మేస్త్రి సిగరెట్టు తాగుతాడని వీధిలో అందరికీ తెలుసు. ఎలా తాగుతాడన్నది మాత్రం ఆయన భార్య పట్టుకునేదాకా ఆయనకే తెలియదు.

ఆ భార్యను వీధంతా మిషను వదిన అంటుంది. కొట్టు ముందు భాగంలో ఆయన పంక్చర్లు వేస్తుంటే, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని ఈమె సైకిల్ సీట్లకు రెక్సిన్ కవర్లు కుడుతుంది. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం. ఇరవై రెండేళ్లుగా అంతే. ఆయన తల గోక్కుంటే బేరం కుదరలేదని, ఈల వేస్తే కన్నం దొరికిందని ఈమె తలెత్తకుండానే చెప్పగలదు.

ఆ ఈల ఈమధ్య వినపడటం లేదు. పంపు పది సార్లు కొట్టేసరికి మేస్త్రి గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోతున్నాడు. "పంపులో వాషరు అరిగింది" అంటాడు. కొత్త వాషరు వేసినా అంతే. మూడోసారి వాషరు మార్చిన రోజున మిషను వదిన ఆయన్ను రెక్క పట్టుకుని ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ ఒక గొట్టంలోకి ఊదమంది. ఊదాడు. ఇంకోసారి ఊదమంది. కాగితం మీద వచ్చిన గీత చూసి కళ్లజోడు తీసేసింది.

"రోజుకి ఎన్ని కాలుస్తారు?"

"పది, పన్నెండు. అయినా అవి తేలికవండీ, తెల్లపెట్టె. ఘాటువి, ఆ ఎర్రపెట్టె మానేసి ఆరేళ్లయింది." ఏదో పతకం చూపించినట్టు చెప్పాడు.

"ఆరేళ్ల కిందట ఇక్కడే ఊదారు. అప్పటికీ ఇప్పటికీ చాలా పడిపోయింది. ఇలాగే సాగితే రెండు మూడేళ్లలో ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని మంచంలో కూర్చోవాలి."

మిషను వదిన కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తేలికవి తాగితే కొంతైనా నయం కావాలి కదమ్మా? ఇంకా దిగజారడం ఏమిటి?"

"పెట్టె మీద అంకెలు యంత్రం చేత తాగించి లెక్కగట్టినవి. మనిషి యంత్రంలా తాగడు. ఆయనెలా తాగుతున్నారో మీరే ఓసారి గమనించండి. ఏదైనా సరే, మానాలి."

గమనించమని మిషను వదినకు ఒకరు చెప్పాలా! మర్నాటి నుంచి చేతులు మిషను మీద, కళ్లు మొగుడి మూతి మీద.

ఎర్రపెట్టె రోజులు ఆమెకు బాగా గుర్తు. సిగరెట్టు వెలిగించి రెండు దమ్ములు లాగి బల్ల అంచున పెట్టేవాడు. ట్యూబు బయటికి తీసేలోగా అది సగం దానంతటదే కాలి బూడిదయ్యేది. తెల్లపెట్టెకు ఆ యోగం లేదు. ఒకసారి పెదాల మధ్య పెడితే చివరిదాకా దించడు. బుగ్గలు లోపలికి పోయేంతగా లాగి, కళ్లు మూసుకుని, ఆ పొగను లోపలే కాసేపు నిలబెట్టి, మనసొప్పక వదిలినట్టు వదులుతాడు. వెంటనే ఇంకో దమ్ము.

"ఏమండీ, అంత లోతుకు లాగుతున్నారేమిటి?"

"లాగక? పసే లేదు దీంట్లో. గాలి తాగినట్టుంటుంది."

"పస లేనిదాని కోసం అంత అవస్థ దేనికి?"

"నీ మిషను నువ్వు తొక్కుకో, నా ముక్కుమూతి లెక్కలు నీకెందుకు?"

ఆయన విసుక్కున్నా ఆమె వదల్లేదు. ఆ సాయంత్రం కొట్టు ఊడుస్తూ తాగి పారేసిన పీకలు ఒక్కొక్కటీ ఏరి కిటికీ వెలుగులో పెట్టి చూసింది. ఫిల్టరు చుట్టూ కాగితం మీద సన్నటి చుక్కల వరస. వేరే ఎవరైనా అయితే అది అచ్చు డిజైను అనుకునేవారు. కుట్టు విప్పిన రెక్సిన్ మీద సూది కన్నాలు ఎలా మిగులుతాయో ఆమెకు కొత్త కాదు. ఇవీ కన్నాలే, సందేహం లేదు.

ఆమె చూపు ఆగింది మాత్రం వాటి మీద కాదు. ప్రతి పీక మీదా ఆ చుక్కల వరసనే అంటుకుని నల్లటి మరకలున్నాయి, ఒక పక్క బొటనవేలిది, ఇంకో పక్క చూపుడువేలిది. గొలుసు గ్రీజు. పదకొండు పీకలుంటే పదకొండిటి మీదా అక్కడే.

"ఇలా రండి" అని పిలిచి చూపించింది.

"కన్నాలా? నా కంటికి కనపడని కన్నాలా?" మేస్త్రికి పౌరుషం వచ్చింది. కొత్త సిగరెట్టు తీసి, ఫిల్టరు చుట్టూ సబ్బునీళ్లు రాసి, నోట్లో పెట్టుకుని మెల్లగా ఊదాడు. చుట్టూ వలయంగా బుడగలు లేచాయి.

మేస్త్రి తన వేళ్లకేసి చూసుకున్నాడు.

ఆయన చేతికి ఒక అలవాటుంది. ట్యూబును నీళ్లలో ముంచి తిప్పుతుంటే బుడగ లేచిన చోట టక్కున వేలు పెట్టి మూస్తాడు, రెండో చేత్తో పెన్సిలు అందుకునేదాకా ఆ వేలు కదలదు. ముప్ఫయ్యేళ్ల పనిలో గాలి పోతున్న చోటల్లా ఆయన ప్రమేయం లేకుండానే ఆ వేళ్లు వాలిపోతాయి. సిగరెట్టు లాగేటప్పుడు దమ్ము వదులుగా వస్తుంటే, ఆ వేళ్లే వెళ్లి కన్నాలను పట్టుకుని మూశాయి. దమ్ము బిగిసింది, ఘాటు వచ్చింది, ఆయనకు హాయిగా ఉంది. తేలికదని కొన్నదాన్ని ఆరేళ్లుగా తన చేత్తో తానే బరువు చేసుకున్నాడు.

"సరే, తెలిసిందిగా. ఇకనుంచి వేలు ఎడంగా పెట్టి తాగుతాను" అన్నాడు చివరికి.

రెండు రోజులు చూసింది. వేలు ఎడంగానే ఉంది. కానీ పెదాలు ముందుకు జరిగి కన్నాలను కప్పుతున్నాయి. పెదాలు వెనక్కి తీయమంటే ఒకటి అయ్యీ కాకముందే రెండోది వెలుగుతోంది. ఒంటికి కావలసినంత ఎలాగైనా రాబట్టుకునేదాకా ఆ మనిషి ఊరుకోవడం లేదు. మిషను వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడి మీద కాదు. పీక ఒకటి కొంగున ముడేసుకుని వీధి మూలనున్న కిరాణా కొట్టుకు నడిచింది.

అక్కడ సిగరెట్ల కంపెనీ మనిషి గాజు అలమారలో పెట్టెలు సర్దుతున్నాడు. నలగని చొక్కా, మెడలో కార్డు. ఆ కొట్టు నడిపే బాబాయి స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏం నాయనా, ఈ కన్నాలు దేనికి?"

"గాలి కోసమమ్మా. పొగలో గాలి కలుస్తుంది. అందుకే తేలిక."

"వేలుపెట్టి మూస్తే?"

"మూయకూడదమ్మా."

"అని ఎక్కడ రాశారు?"

అతను పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "రాయలేదనుకోండి... తెలిసిన సంగతే కదా."

"నీకెలా తెలిసింది?"

"మాకు ట్రైనింగులో చెప్తారమ్మా."

"ఆహా! అమ్మేవాడికి పాఠాలు చెప్పారు. తాగేవాడికి చెప్పడానికి నోరు రాలేదు మీ కంపెనీకి."

"అమ్మాయ్, ఊరుకో. పొద్దున్నే బేరం చెడగొట్టకు" అన్నాడు కొట్టు బాబాయి.

"నీ బేరం చెడితే వేరే సరుకు పెట్టుకుంటావు బాబాయ్. మా ఆయన ఊపిరి చెడితే ఏ కొట్లో తెచ్చుకోను? నువ్వు అమ్ముతావా?"

కంపెనీ మనిషి ఆమెను చల్లబరచాలనుకున్నాడు పాపం. లేత నీలం పెట్టె ఒకటి తీసి చూపించాడు. "కోపం తెచ్చుకోకండమ్మా. సార్‌కి ఇది ఇచ్చి చూడండి. కొత్తది, ఇంకా తేలిక."

"దీనికెన్ని కన్నాలు?"

"ఇంకో వరస ఎక్కువ."

కొట్టు బాబాయికి నవ్వు ఆగలేదు. మిషను వదినకు నవ్వు రాలేదు. అక్కడ సరుకు కొనడానికి వచ్చిన నలుగురూ వినేలా, కన్నాల సంగతి, వేళ్ల సంగతి, ట్రైనింగు సంగతి ఏకరువు పెట్టింది. అందులో ఇద్దరి జేబుల్లో తెల్లపెట్టెలున్నాయి. ఒకాయన తన సిగరెట్టు తీసి ఎండకేసి పట్టుకుని చూశాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా మొగుడికి చెప్పింది. మేస్త్రి విన్నాడు. సిలిండరు మాటకు బెదిరిన మనిషి కాడు, ఆమె పోరుకు లొంగిన మనిషీ కాడు. కానీ ఒక్క మాట దగ్గర ఆగాడు.

"ట్రైనింగులో చెప్తారా? అంటే మనం మూస్తామని వాళ్లకి ముందే తెలుసా?"

"మూయకూడదు అని నేర్పారంటే, మూస్తారని తెలియకుండా నేర్పుతారా?"

"నా వేళ్లతో నా గొంతు నొక్కించారన్నమాట" అన్నాడు. తెల్లపెట్టెను సబ్బునీళ్లలో వేశాడు.

ఆ తర్వాత నెలన్నర సైకిల్ కొట్టుకు వెళ్లినవాళ్లకే తెలుసు ఆ బాధ. "బ్రేకు బిగించు" అన్నవాడిని "నీ నోరు బిగించు" అన్నాడు. రెండుసార్లు ప్యాచీ కన్నం మీద కాక పక్కన అంటించాడు. దగ్గు తగ్గుతుందనుకుంటే ఇంకా ఎక్కువైంది. ఒకరోజు ఎక్కడికో వెళ్లి వచ్చి, ఆమె అడగకుండానే "ఒకటి తాగాను" అన్నాడు. మిషను వదిన నాలుక చివరిదాకా వచ్చిన తిట్లన్నీ మింగి, "రేపటి సంగతి చెప్పండి" అంది. రేపు తాగలేదు. ఎల్లుండీ తాగలేదు.

డాక్టరమ్మ మళ్లీ గొట్టం ఊదించి, "జారడం ఆగింది. పోయినదంతా వెనక్కి రాదు" అంది. ఆరేళ్ల ఊపిరి ఎవరు తెచ్చిస్తారని మిషను వదిన అడిగింది. డాక్టరమ్మ చీటీ మీద మళ్లీ రావలసిన తేదీ రాసి ఇచ్చింది.

మొన్న పాల సైకిలాయన పంక్చరు వేయించుకోవడానికి వచ్చాడు. మేస్త్రి ప్యాచీ వేసి తానే పంపు పట్టుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. మిషను వదిన లేచి వెళ్లి పంపు లాక్కోకుండా పెదవి కొరుక్కుని కూర్చుంది. చక్రం నిండింది.

"మానేశావట, నిజమేనా అన్నా?" అంటూ పాలాయన తెల్లపెట్టె తీశాడు. "ఒకటి తీసుకో, లైటే కదా. ఏం కాదు."

మేస్త్రి తీసుకున్నాడు. వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూశాడు. కుట్టుమిషను ఆగిపోయింది.

"రోజంతా గాలి ఎక్కడ పోతోందో వెతకడమే నా పని తమ్ముడూ. దీంట్లో పోతుంటే నాకు ఆరేళ్లు తెలియలేదు" అని వెనక్కి ఇచ్చేశాడు.

పాలాయనకు ఆ మాట అర్థం కాలేదు. నవ్వి, అదే సిగరెట్టు తన నోట్లో పెట్టుకుని వెలిగించాడు. అతని రెండు వేళ్లూ సరిగ్గా ఆ చుక్కల వరస మీదే వాలాయి. మేస్త్రి ఏదో అనబోతే దగ్గు అడ్డం వచ్చింది.

మిషను వదిన స్టూలు మీంచి లేచింది.

"ఏమయ్యోయ్, ముందా వేలు తియ్యి. కాదు, వేలు తీసి లాభం లేదు. నోట్లోంచి ఆ సిగరెట్టే తియ్యి. తీసి, ఇలా కూర్చో, నీతో మాట్లాడాలి."