మనిషెత్తు బుడిపె

దయ్యాలూ గాలులూ అంటే నాకు ఒళ్లుమంట. ముందే చెబుతున్నాను, నేనిప్పటికీ నమ్మను. కానీ బాన్సువాడలో కత్తులకు పిడులు చేసే రాజేశ్వర్ ఇంటికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు అతని భార్య పోసవ్వ పాపిడి మీదకే పోతాయి. ఏం చెయ్యను?

రాజేశ్వర్ చేతి పిడి కావాలంటే ఆరు నెలలు ఓపిక పట్టాలి. అతను మామూలు కర్ర వాడడు, చెట్టు బుడిపె వాడతాడు. చెట్టుకు దెబ్బ తగిలినచోట కర్ర ఉబ్బి, ఆ గాయం మీద సుడులు తిరుగుతూ పెరుగుతుంది. అలాంటి కర్ర అంత తేలిగ్గా చీలదు. బుడిపె దొరికితే వేళ్లతో తట్టి, చెవి ఆనించి వింటాడు. గుల్లగా మోగితే అక్కడే వదిలేస్తాడు.

అతనికి ఇంకో పట్టింపు ఉంది. మనిషి తలెత్తులో ఉన్న బుడిపెను ఎంత బాగున్నా ముట్టడు. వెనకటికి గాలి సోకినవాళ్లను చెట్టుకు ఆనించి నిలబెట్టి, నడినెత్తి మీది వెంట్రుకల పాయను మేకుతో చెట్టుకు దిగ్గొట్టి, పాయను కోసేసేవారట. గాలి చెట్టులో ఉండిపోతుంది, మనిషి ఇంటికెళతాడు, మేకు చుట్టూ చెట్టు ఉబ్బుతుంది. పదేళ్ల వయసులో పోసవ్వకూ అలాగే చేశారు. డోంగ్లి దారిలో ఒక చింతచెట్టుకు. ఏ చెట్టో ఆమెకు గుర్తులేదు. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకుంటున్నవాణ్ణి, ఈ సంగతి విన్నప్పుడల్లా రాజేశ్వర్‌ను తెగ వెక్కిరించేవాణ్ణి.

నిరుడు మా నాన్న కొబ్బరిబొండాలు కొట్టిన కత్తికి పిడి ఊడిపోయింది. మంచి బుడిపె దొరకలేదని రాజేశ్వర్ నెలల తరబడి తిప్పుకున్నాడు. అప్పుడే డోంగ్లి దారి వెడల్పు చేస్తూ చింతచెట్లు కొట్టి, ముక్కలు చేసి పడేశారు. ఆ కుప్పలో బ్రహ్మాండమైన బుడిపె కనిపిస్తే నేనే బండి మీద వేసుకొచ్చాను. రాజేశ్వర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది ఎంత ఎత్తుల ఉండె తమ్మీ?”

నేలమీద పడున్న మొద్దుకు ఎత్తేమిటి, నాకేం తెలుసు? చిరాకేసింది. పైకొమ్మదన్నాను.

అతను దాన్ని బూడిదనీళ్లలో పొద్దస్తమానం ఉడికించాడు. ఆ రోజే పోసవ్వకు ఒళ్లు కాలిపోయింది. దవాఖానలో జ్వరమేమీ లేదన్నారు. పొయ్యి ఆరాక తగ్గింది. తర్వాత బుడిపె మెల్లగా ఆరాలని మూడు నెలలు వడ్ల ఊకలో పూడ్చాడు. ఆ మూడు నెలలూ ఆమె పట్టపగలు వాకిట్లో కూర్చుని, చీకటైంది దీపం పెట్టమనేది. అవిసె నూనెలో నానబెట్టాక ఆమె మొహం తేటపడింది, కడుపునిండా తిన్నది. ఆ రెంటినీ కలిపి చూడాలని ఎవరికి తడుతుంది? నాకైతే నా పిడి ధ్యాసే.

బుడిపెను కోసే రోజు మధ్యాహ్నం నేనూ వెళ్లాను. రంపం రెండు వేళ్ల లోతు దిగాక కీచుమంది. ఇంట్లో గిన్నెలు కిందపడ్డాయి. తొంగిచూస్తే పోసవ్వ రెండు చేతులతో నడినెత్తిని అదుముకుని కూర్చుంది. అరవలేదు. నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

రాజేశ్వర్ రంపం బయటికి లాగి, కోతలోకి చూశాడు. నేనూ వంగాను. తుప్పు పట్టిన మేకు, దానికి చుట్టుకున్న వెంట్రుకలు. కోసినప్పుడు అది పదేళ్ల పిల్ల జుట్టు. ఇప్పుడు పోసవ్వ జుట్టులాగే సగానికి సగం నెరిసి ఉంది.

“పైకొమ్మదంటివి గద తమ్మీ,” అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

కోతను లక్కతో పూడ్చి, బుడిపెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. రోజూ పొద్దున్నే దానికి నూనె రాస్తాడు. కానీ ఒకసారి రంపం పడ్డ కర్ర ఊరుకుంటుందా? మేకు దగ్గర సన్నటి పగులు పుట్టి, అంచువైపు నడవడం మొదలుపెట్టింది. అది అంచుకు చేరితే బుడిపె రెండు చెక్కలవుతుంది. ఆ రోజు ఆమె ఏమవుతుందోనని అతనికి కూడు సయించదు. పగులు మాట ఆమెకు తెలియనివ్వొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. పనులన్నీ మానుకుని నూనె రాస్తూనే ఉన్నాడు.

ఈ ఎండాకాలం ఒకరోజు వెళ్లేసరికి అతను నూనె కోసం బజారుకు వెళ్లాడు. పోసవ్వ చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఆయన నాకు చెప్తలేడు. పగులు ఎందాక వచ్చింది, తమ్మీ?”

లేచి అటక మీది గుడ్డ విప్పి చూశాను. అంచుకు ఇంకో వేలెడు మిగిలింది.

“ఆగిపోయిందక్కా. కదల్లేదు,” అన్నాను. అది నా రెండో అబద్ధం.

“మంచిది,” అని ఆమె నవ్వింది. తర్వాత కొంగు తీసి, నడినెత్తి మీద వేలు పెట్టుకుని, పాపిడి వెంట మెల్లగా ముందుకు జరుపుకుంటూ వచ్చింది. నుదురు ఇంకో వేలెడు దూరం ఉందనగా ఆ వేలు ఆగింది.