పెంకులు తీసి రేకులు వేయించిన వేసవి

బోధన్ దగ్గర మా అత్తవారి ఊళ్లో కోతుల బెడద మొదలయ్యాకే మా ఇంటికి రేకులు వేయించాలన్న మాట వచ్చింది. మాది గూన పెంకుల ఇల్లు. పొద్దున్నే కోతులు గుంపుగా ఎక్కి, ఒక్కో పెంకూ లేపి, కింద ఏముందా అని తొంగి చూసేవి. వాన పడితే ఇల్లంతా గిన్నెలు, బకెట్లే. పెంకులు సర్దే మనిషి కూడా దొరకకుండా పోయాడు.

"రేకులు ఏపిద్దాం అవ్వా" అని మా ఆయన అంటే మా అత్తమ్మ కస్సుమనేది.

"రేకుల కింద మనుషులుంటరా? బట్టీల ఇటుకల లెక్క కాలిపోతం. గా దూలం సూడు, మద్ది కట్టె. నీ పిల్లలు ముసలోళ్లయినా గట్లనే ఉంటది."

ఆ దూలం ఆమె పడుకునే నడిమి గదిలో, సరిగ్గా ఆమె మంచం మీదుగా ఉండేది. పండగలకు దానికి ఎర్ర రంగు వేసేవాళ్లం. మా పాప పుట్టినప్పుడు చీరతో ఊయల దానికే కట్టాం. నడక వచ్చాక కూడా పాప మధ్యాహ్నాలు నాయనమ్మ పక్కలోనే నిద్రపోయేది.

కిందటేడు వేసవిలో కోతి లేపిన పెంకొకటి జారి వంటింట్లో పొయ్యి పక్కన పడి ముక్కలైంది. ఒక్క నిమిషం ముందు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అత్తమ్మ ఆ ముక్కలు ఏరుతూ "ఏపియ్యండ్రి" అంది. అంతే.

నిజామాబాద్ నుంచి మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చాడు. సామానంతా వాకిట్లోకి చేర్చాం. అత్తమ్మ తన మంచం మీదే కూర్చుని పెంకులు దిగడం చూస్తూ ఉంది. పెంకులు, వాసాలు అయిపోయి దూలం ఒక్కటే మిగిలింది. మేస్త్రి నిచ్చెన మీది నుంచి పిలిచాడు.

"అన్నా, జర ఇటు రా."

మా ఆయన వెనకే నేనూ వెళ్లాను. మేస్త్రి గడ్డపార మొనతో దూలాన్ని పొడిచాడు. కట్టె చప్పుడు రాలేదు. తడి మట్టిలోకి దిగినట్టు గడ్డపార లోపలికి దిగిపోయింది. తాళ్లు కట్టి దించబోతుంటే అది గాలిలోనే విరిగి సగం కింద పడింది. గది నిండా ఎర్రమట్టి, అందులో తెల్లగా కదులుతున్న చెదలు. నేల మీద అత్తమ్మ మంచం కోళ్లు చేసిన నాలుగు గుంటలు ఆ మట్టి కింద కప్పబడిపోయాయి.

మా ఆయన వంగి గుప్పెడు మట్టి తీశాడు. "గిది కట్టెనా?" అన్నాడు.

"పైన రంగే మిగిలింది అన్నా. గిన్ని పెంకల బరువు దేని మీద ఆగిందో నాకైతే తెల్వది."

చప్పుడుకు అత్తమ్మ గడప దగ్గరికి వచ్చింది. కింద పడ్డ దూలాన్ని చూసింది.

"నా మంచం ఏడున్నది?" అంది.

"వాకిట్లనే ఉంది అత్తమ్మా. ఇప్పటిదాంక దాని మీదనే కూసున్నవ్ కదా."

"పిల్ల ఏది?"

"బడికి పోయింది."

"పోయిందా? సూసి రాపో."

ఒంటిపూట బడి కదా, పాపను పొద్దున నేనే దింపి వచ్చాను. అయినా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. కిటికీ లోంచి కనిపించింది, నాలుక కొంచెం బయటపెట్టి పలక మీద ఏదో రాసుకుంటూ. కిటికీ ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమైందమ్మా?" అని టీచరు బయటికి వచ్చి అడిగింది. ఏమీ కాలేదని చెప్పి వెనక్కి తిరిగాను.

తిరిగి వస్తుంటే మా వాడలో ఇంటింటా టకటక చప్పుడు. వార్త నాకంటే ముందే పాకింది. అందరూ కర్రలతో తమ దూలాలు కొట్టి చూసుకుంటున్నారు.

కట్టె ముక్క లేకుండా ఇనుప పైపులతో చట్రం వెల్డింగ్ చేసి, దాని మీద తెల్ల రేకులు, కింద వేడి ఆపే మెత్తటి పొర వేశారు. ఒక్కో రేకును ఇద్దరు అవలీలగా ఎత్తి పెడుతుంటే అత్తమ్మ "గింత అల్కగనా?" అని నమ్మలేనట్టు చూసింది. ఎండ మేం భయపడినంత లేదు. వాన చప్పుడు మాత్రం ఎక్కువే. టీవీ వినపడదు.

ఈ ఏడు పసుపు ఉడకబెట్టి ఆరబోసిన రోజుల్లో సాయంత్రం పూట వడగళ్లు పడ్డాయి. నెత్తి మీద వెయ్యి డప్పులు మోగినట్టే. అత్తమ్మ పాపను గట్టిగా పొదువుకుని పైకే చూస్తూ కూర్చుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు.

తెరిపి ఇచ్చాక బయటికి వచ్చి చూస్తే మా రేకులకు అక్కడక్కడా చిన్న సొట్టలు, అంతే. ఎదురింటి అక్క వంటింట్లోంచి ఆకాశం కనబడుతోంది. ఆమె పగిలిన పెంకు చేతిలో పట్టుకుని, ఏడవడం కూడా మరిచిపోయి నిలబడి ఉంది. ముందుగా పిలిచింది అత్తమ్మే.

"పిల్లలను తీస్కరా బిడ్డా. బియ్యం, పసుపు మల్ల మోద్దాం."

వాళ్లు మా ఇంట్లోనే కొన్నాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లూ రేకులే వేయించుకున్నారు. వాళ్ల దూలం దించే రోజున మాత్రం అత్తమ్మ రెండిళ్ల పిల్లలనూ వెంటబెట్టుకుని పొద్దున్నే పొలానికి వెళ్లిపోయింది. పని పూర్తయిందని కబురు పంపేదాకా ఇంటికి రాలేదు.