నేను చెప్పేదాకా కదలని బండి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పప్పు కడుగుతుంటే, మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది. ఫోన్ మోగితే ముందు చెడే అనుకునే మనిషిని నేను. ఆ రోజు అనుకున్నంతా అయింది. సిడ్నీలో మా పాత పొరుగాయన, నేను ఇన్నేళ్ళూ భాయ్ అని పిలిచిన మనిషి, తెల్లవారి నమాజుకు లేవలేదట.

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. ఇలాంటివి రాయడం నాకు చేతకాదు. కానీ ఆయన మీద ఒక నింద ఉండిపోయింది. అది నా వల్ల వచ్చింది, కాబట్టి నేనే రాయాలి.

పాతికేళ్ళ కింద మేము సిడ్నీలోనే, వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా కింద ఫ్లాట్ ఆయనది. కర్నూలు మనిషి. వెనక తొట్టి ఉన్న బండిని ఇక్కడ యూట్ అంటారు కదా, అలాంటి నాలుగు తలుపుల యూట్‌లో బియ్యం, పప్పులు, పచ్చళ్ళు వేసుకుని మన ఇళ్ళకు తెచ్చి ఇచ్చేవారు. మొదటి రోజు నుంచే నన్ను అక్కా అన్నారు, నువ్వు అన్నారు. వాళ్ళ వైపు పద్ధతి అంతేనట. నాకు అది బాగుండేది.

రెండువేల సంవత్సరం రాగానే తేదీ తప్పి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని గొడవ అయింది కదా, దాన్ని సరిచేయడానికి వచ్చినవాడు మా అల్లుడు. ఆ జనవరి ఒకటిన కరెంటు పోతుందో, నీళ్ళు ఆగిపోతాయో అని నేను వారం ముందే స్నానాల తొట్టి నింపాను. బకెట్లు, గిన్నెలు, చివరికి పూలకుండీ కూడా నింపాను. అల్లుడు నవ్వాడు, అమ్మాయి విసుక్కుంది. భాయ్ ఒక్కరే నవ్వకుండా చూసి, "మాక్కూడా ఒక బకెట్ పక్కన పెట్టక్కా" అన్నారు.

ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే అల్లుడి ఉద్యోగం పోయింది. ఇక వాళ్ళతో పనేముంది అనుకున్నారు పైవాళ్ళు. అప్పుడు భాయ్ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "పిల్లోళ్ళు రాత్రింబవళ్ళు కూచుని బాగుచేసినారు గాబట్టే ఏం గాలేదక్కా. ఏం గాకపోతే ఎవురికీ కనపడదు. నీ భయం గూడా అట్లాంటిదే."

నెల తిరిగేసరికి అల్లుడికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం దొరికింది. తను ముందు వెళ్ళి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇల్లు చూశాడు. అమ్మాయికి ఐదో నెల. విమానంలో పంపాలంటే నాకు భయం, రోడ్డు మీద పంపాలంటే ఇంకా భయం. భాయ్ వచ్చి, "తొమ్మిది వందల కిలోమీటర్లు, రెండు రోజులు. నిదానంగా పోదాం. సామాను గూడా నేనే తెస్తా" అన్నారు. యూట్ వెనక ఒక ట్రైలర్ తగిలించారు.

సామాను ఎక్కించడం ఆయన ముగ్గుపెట్టినంత ఓపికగా చేశారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఆరు బియ్యం బస్తాలు, మా అత్తగారి సన్నికల్లు, నా దేవుడి పెట్టె, ఇత్తడి సామాను ట్రంకు, అన్నీ ముందు వైపు. పరుపులు, దుప్పట్ల మూటలు వెనక. "బరువు ముందుండల్లక్కా. వెనక బరువుంటే ట్రైలర్ మన మాట వినదు, అదే మనల్ని ఊపుతాది" అని చెప్పారు. విన్నాను. సరేనని తల కూడా ఊపాను.

కానీ కొత్తింట్లో పాలు పొంగించడానికి రెండో రోజు మధ్యాహ్నం మూడింటి లోపల ముహూర్తం. అసలే ఉద్యోగం ఒకసారి పోయింది, పిల్ల కడుపుతో ఉంది. ముందు దేవుడి పెట్టె, బియ్యం, సన్నికల్లు లోపలికి వెళ్ళాలి. అవేమో ట్రైలర్ ముందు మూలన ఉన్నాయి. తాళ్ళు విప్పి, అడ్డున్నవన్నీ దించితే గానీ బయటికి రావు, ఈలోపు ముహూర్తం దాటిపోతుంది. సాయంత్రం భాయ్ నమాజుకు వెళ్ళారు, అమ్మాయి పడుకుంది. ట్రైలర్ గోడలు నడుము ఎత్తే, తాళ్ళు ఇంకా కట్టలేదు. పొలంలో పనిచేసిన ఒళ్ళు నాది. ఒక్కో బస్తా ఎత్తి వెనక తలుపు దగ్గరికి చేర్చాను. సన్నికల్లు, దేవుడి పెట్టె కూడా. వాటి మీద దుప్పట్లు కప్పి, ముందు ఖాళీలో మూటలు సర్దాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు న్యూకాసిల్ దాటాక ఒక దిగుడులో పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. అంతే, వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. దానితో యూట్ వెనక భాగం కూడా ఈడ్చుకుపోతోంది. అమ్మాయి ఒక చేత్తో కడుపు పట్టుకుంది, రెండో చేత్తో నన్ను పట్టుకుంది.

"బ్రేకు వెయ్యండి భాయ్, బ్రేకు!" అని అరిచాను.

"బ్రేకు గాదక్కా" అన్నారు, టీ వద్దన్నంత మెల్లగా. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని కాలు మాత్రం పైకి తీశారు. బండి తనంతట తనే నెమ్మదించి, ఊపు తగ్గి, రోడ్డు పక్కన గడ్డిలో ఆగింది.

ఆయన దిగి ట్రైలర్ వెనక తలుపు తీశారు. నేనూ దిగాను. దుప్పటి ఎత్తి చూశారు. బస్తాలు, వాటి పక్కన పసుపు గుడ్డ కట్టిన నా దేవుడి పెట్టె. ఒక్కసారి నా వైపు చూశారు.

"ఏమైంది అంకుల్?" అని కిటికీలోంచి అమ్మాయి అడిగింది.

"నా లోడింగే తప్పు తల్లీ. వెనక బరువెక్కువైంది" అన్నారు.

ఆ ఫిబ్రవరి ఎండలో ఒక్కరే అన్నీ దించి, మళ్ళీ ముందుకు సర్దారు. టారీ అనే ఊళ్ళో ఆగినప్పుడు అమ్మాయి అల్లుడికి ఫోన్ చేసి చెప్పింది. అతను భాయ్‌ని పిలవమన్నాడు. పక్కనున్న నాకు కూడా కేకలు వినపడుతున్నాయి. భాయ్ మాత్రం, "అవును బాబూ. నాదే పొరపాటు. అవును" అంటూ నిలబడ్డారు. అప్పుడు నేను ఒక్క మాట చెప్పాల్సింది. మొన్నటిదాకా చెప్పలేదు.

ఫోన్ పెట్టేసి ఆయన దేవుడి పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. "ముహూర్తానికి కావల్లని నాకు చెప్పింటే నీ వొళ్ళోనే పెట్టుకుందువు గదక్కా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడవద్దు. నీకు ఒక పని చెప్తా రా. భయాన్ని ఊరికే కూచోబెడితే మనల్నే తింటాది."

అని ట్రైలర్ చుట్టూ తిప్పి చూపించారు. ప్రతి చక్రం నడిమధ్య చేతి వెనక వైపు ఆనించి, మరీ వేడెక్కిందేమో చూడాలి. ట్రైలర్‌ని బండికి కట్టే గొలుసు కొక్కెం మర బిగువుగా ఉందో లేదో చూడాలి. తాళ్ళు లాగి చూడాలి. ఆయన బ్రేకు తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. "అన్నీ అయినాక 'చూశాను, పోనివ్వండి' అని నువ్వు చెప్పల్ల. నువ్వు చెప్పేదాకా బండి కదలదు" అన్నారు.

నా జీవితంలో నా భయానికి ఎవరైనా ఉద్యోగం ఇచ్చారంటే అది ఆయనే. ఆగిన ప్రతిచోటా చూశాను. ఎక్కడైనా మరిచిపోయి ఎక్కి కూర్చుంటే ఆయన ఇంజిన్ వేసి, అద్దంలో నన్నే చూస్తూ కదలకుండా ఉండేవారు. రెండో రోజు ఒకచోట కొక్కెం మర సగం ఊడి ఉండడం నా కళ్ళకే కనపడింది. ఆయన పట్టకారుతో బిగించి, "చూసినావా తల్లీ, మీ అమ్మ కండ్లు" అని అమ్మాయితో అన్నారు. ఆ మాట నాకు కడుపు నింపింది.

క్వీన్స్‌లాండ్ పొలిమేర దగ్గరికి వచ్చేసరికి నా వాచీలో రెండూ నలభై. ఇంకా గంటకు పైగా దారి ఉంది. ముహూర్తం పోయిందని నేను కళ్ళు తుడుచుకుంటుంటే భాయ్ గట్టిగా నవ్వారు. "సిడ్నీలో మాదిరి ఇక్కడ ఎండాకాలం గడియారం గంట ముందుకు జరపరక్కా. ఒంటిగంటా నలభై అయింది అంతే. వాచీ తిప్పు." మూడింటికి ఐదు నిమిషాలు ఉందనగా పాలు పొంగాయి. అప్పటికి ట్రైలర్ మీది తాడు కూడా విప్పలేదు. పాల గ్లాసుతో ఆయన బయట మెట్ల మీదే కూర్చున్నారు, అల్లుడు ఆయన వైపు చూడలేదు.

మనవరాలు పుట్టింది, చక్కగా పెరిగింది. తర్వాత భాయ్ వాళ్ళు సిడ్నీలోనే స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేవారు. నలుగురు చేరినప్పుడల్లా మా అల్లుడు, "భాయ్ లోడింగ్ అంటే దేవుడి మీద భారం వెయ్యడమే" అనేవాడు. అందరూ నవ్వేవారు, ఆయన కూడా. ఒకసారి వంటింట్లో ఆయనతో, ఇవాళ అందరికీ చెప్పేస్తానన్నాను. "మళ్ళీ ఆ బస్తాలు ఎందుకెత్తుతావక్కా, నడుం పట్టుకుంటాది" అని కాఫీ తీసుకుని వెళ్ళిపోయారు. వద్దన్నారు కదా అని నేనూ ఊరుకున్నాను. అది ఆయన మంచితనం. నాది మాత్రం పిరికితనం.

ఫోన్ వచ్చిన నాలుగో రోజు స్కోఫీల్డ్స్ వెళ్ళాం. వచ్చినవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. భాయ్ భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అల్లుడు, అమ్మాయి, మనవరాలు ఎదురుగా ఉన్నారు. చెప్పేశాను. బస్తాలు వెనక్కి మార్చింది నేనే అని, నేను చెప్పేదాకా బండి కదలదన్న ఆయన మాటతో సహా.

"అమ్మమ్మా, సీరియస్లీ?" అంది మనవరాలు.

భాయ్ భార్య నా చెయ్యి వదల్లేదు. "నాకు తెలుసులే అక్కా. ఆ పొద్దే ఫోన్లో చెప్పినాడు. అక్కకు పిల్ల గురించి దిగులు, ఎవురితోనూ అనొద్దు అన్నాడు."

అల్లుడు లేచి, "ఆ కుర్చీలు మసీదులో ఇచ్చి రావాలన్నారు కదా ఆంటీ, నేను తీసుకెళ్తాను" అన్నాడు.

ఇంటి పక్క సందులో ఆయన యూట్, దానికి ట్రైలర్, నిండా ప్లాస్టిక్ కుర్చీలు. అల్లుడు ఎక్కి ఇంజిన్ వేశాడు. బండి కదల్లేదు. అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

వెళ్ళాను. వంగడం ఇప్పుడు కష్టం, అయినా వంగాను. ప్రతి చక్రానికీ చేతి వెనక వైపు ఆనించాను. చల్లగా ఉన్నాయి. కొక్కెం తిప్పి చూశాను. తాళ్ళు లాగాను. వెనక నిలబడితే ఎర్ర లైట్లు రెండూ వెలిగాయి.

"చూశాను" అన్నాను. "పోనివ్వు."