కడుపు నిండిన బొంత

అట్టపెట్టె మూత తీసే చప్పుడు వినబడితే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. పాముకు భయపడేవాళ్లుంటారు, తేలుకు భయపడేవాళ్లుంటారు, ఈమె అట్టపెట్టెకు భయపడుతుందేమిటి అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. బట్టల అంగడి ఉన్న ఇంట్లో కోడలిగా ఉండి చూస్తే తెలుస్తుంది.

మా నాయనకు కణేకల్ దగ్గర పల్లెలో ఉప్పూ బెల్లమూ అమ్మే చిన్న అంగడి ఉండేది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బడి అయిదో తరగతితో సరి. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా మా అవ్వ పక్కన కూర్చుని బొంతలు కుట్టడమే. పాత చీరల పేలికలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఈ ఎరుపు పక్కన ఏ పసుపు ఒప్పుతుందా అని చూసుకుంటూ ఉంటే నాకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. మాట్లాడుతూనే కుట్టేదాన్ని. నోరూ సూదీ రెండూ ఆగేవి కావు.

అనంతపురంలో బట్టల అంగడి వాళ్లింటికి కోడలిగా వచ్చాను. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపుకు కట్టిన పరదా. నేను వచ్చిన ఆ ఏడు వాన లేదు, తర్వాతి ఏడూ లేదు. శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. పల్లెల నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అంగట్లో సరుకు పలచబడుతుంటే మా అత్త ఒక ఉపాయం చేసింది. అమ్ముడుపోయిన పట్టుచీరల అట్టపెట్టెలను పారేయకుండా, ఖాళీవాటినే పై అరల్లో వరసగా పేర్పించింది. వీధిలోంచి చూస్తే అంగడి కళకళలాడేది. ఎవరైనా పై పెట్టె తీయమంటే "అవి వేరేవాళ్లు చెప్పి పెట్టుకున్నవి" అనాలి. ఆ ఖాళీ పెట్టెల దుమ్ము దులపడం నా పని.

"ఏమే, నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ పెట్టెల మాట బయటికి పోయిందంటే మన మర్యాద బజార్న పడతాది. జాగర్త," అనేది అత్త.

అప్పటినుంచి నా నోరంటే నాకే భయం పట్టుకుంది. ఎవరైనా "ఏం, బాగుండావా?" అని అడిగినా పెట్టెల మాట నాలిక చివరికొచ్చి కూర్చునేది.

శుక్రవారాలు మరీ గండం. వీధిలో ఆడవాళ్లంతా తాంబూలానికి మా ఇంటికి వచ్చేవాళ్లు. ఆ పూట అత్త నాకు అంగట్లోంచి కొత్త పట్టుచీర తెచ్చి కట్టించేది. వాళ్లు వెళ్లగానే విప్పి, మడత మీద మడత పెట్టి, మళ్లీ అమ్మకానికి పెట్టేది. "గోడకు ఆనుకోవద్దు. చెమట అంటనియ్యద్దు. కూచునేటప్పుడు కుచ్చిళ్లు నలగనియ్యద్దు," అని చెప్పేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెమట పట్టకుండా ఎట్లా కూర్చోవాలో మీరెవరైనా చెప్పండి. వాళ్లు నా చీర అంచు పట్టుకుని తిప్పి చూస్తుంటే ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్లలో ఎవరూ నా ముఖం వైపు చూసినట్టు గుర్తు లేదు.

అట్లాంటి రోజుల్లో నేను కడుపుతో ఉన్నాను. పుట్టిన బిడ్డను పాత గుడ్డలోనే పడుకోబెట్టాలని మా వైపు గట్టి నమ్మకం. కొత్తది పరిస్తే బిడ్డ నిలవదంటారు. నా ట్రంకుపెట్టె అడుగున అమ్మ చీరలు ఉన్నాయి, నీరుకావి రంగుది ఒకటి, కందిపువ్వు రంగుది ఒకటి. అవి తప్ప అమ్మది నా దగ్గర ఇంకేమీ లేదు. మధ్యాహ్నం అత్త కునుకు తీసేటప్పుడు వెనక గదిలో కూర్చుని వాటితో బొంత కుట్టడం మొదలుపెట్టాను. అత్త గాజులు గలగలమంటే చాలు, సూది వేలికి గుచ్చుకునేది.

బొంత ఆఖరి మూల కుట్టేముందు లోపల కొంచెం తిండి పెట్టి కుట్టేయాలి. "మన కడుపు నింపుకొని దాన్ని పస్తు పెడితే అది బిడ్డకు వెచ్చదనం ఇయ్యదు," అనేది అవ్వ. నేను ఎండిన జొన్నరొట్టె తుంట పెట్టి కుట్టాను. సరిగ్గా అప్పుడే పరదా పక్కకు జరిగింది.

"ఇదేందే, ఈ దరిద్రం?" అత్త గొంతు పైకి లేవలేదు, అందుకే ఇంకా భయమేసింది. "బట్టల అంగడోళ్ల మనవడు పేలికల మీద పండుకుంటాడా? నలుగురు చూస్తే ఏమంటారు? శాటిన్ మెత్తలు కుట్టిస్తాండా. దీన్ని సత్తు గిన్నెలామె వస్తే వేసెయ్."

పాత బట్టలు తీసుకుని సత్తు గిన్నెలు ఇచ్చే ఆమె మా వీధికి తరచూ వస్తుంది. వీధి మొదట్లో ఆమె కేక వినబడితే నా కడుపులో బిడ్డ కూడా ముడుచుకున్నట్టు అనిపించేది. బొంతను ఎక్కడ దాచాలి? ఆ ఇంట్లో అత్త చెయ్యి పెట్టని చోటు లేదు. చివరకు తోచింది. ఖాళీవని తెలుసు కాబట్టి ఎవరూ తెరవనివి పై అరల్లోని అట్టపెట్టెలే. దుమ్ము దులిపే వేళ నిచ్చెనెక్కి, మూల పెట్టెలో బొంతను కుక్కాను. మూత నిలవలేదు. చీర అంచు పోగులు జడలా అల్లి, దానితో పెట్టెను కట్టాను. ఊరికే ముడివేసి వదిలేయొచ్చు కదా! నా చెయ్యి వింటేనా? చివర్న ఎర్రపోగులతో చిన్న పువ్వు కూడా వేసింది.

ఆ పువ్వే కొంప ముంచింది.

బుక్కరాయసముద్రం నుంచి ఒక పెద్దింటి వాళ్లు పెళ్లి బట్టలకు వచ్చారు. ముసలామె ఒకరు, మెడనిండా నగలేసుకున్న ఆమె కోడలు. ఎన్నో నెలల తర్వాత వచ్చిన పెద్ద బేరం. అత్త స్వయంగా అంగట్లో కూర్చుంది. నేను పరదా వెనక నిలబడ్డాను. ముసలామె ఉన్న చీరలన్నీ చూసి తల పైకెత్తింది.

"ఏమప్పా, ఆ పువ్వు కట్టిన పెట్టె తియ్యి."

"అవి వేరేవాళ్లు చెప్పి పెట్టుకున్నవి పెద్దమ్మా," అన్నాడు మా ఆయన.

"చూస్తే అరిగిపోతాదా? చూసేదానికి కూడా దుడ్లు అడుగుతారా ఏం?"

కోడలు కిసుక్కున నవ్వింది. అత్త ముఖం పాలిపోయింది. ఖాళీ పెట్టె బయటపడుతుందని ఆమె భయం, ఖాళీ కాదని నా భయం. మా ఆయన నిచ్చెనెక్కి పెట్టె పట్టుకున్నాడు. బరువు తగిలినట్టుంది, తిరిగి పరదా వైపు చూశాడు.

మూత తీసిన చప్పుడు. అందరి కళ్లూ లోపలి బొంత మీద పడ్డాయి.

"మద్రాసు నుంచి కొత్తగా వచ్చినాయి పెద్దమ్మా. ఇప్పుడు పెద్దోళ్లిండ్లలో అంతా ఇదే ఫ్యాషన్," అంది అత్త. ఆమె తెలివికి దండం పెట్టాలి.

ముసలామె బొంతను ఒళ్లో పరుచుకుని, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి చూసింది. ఒక మూల దగ్గర ఆగింది. "ఈడ గట్టిగా ఉండాదే. మద్రాసోళ్లు గూడా బొంతకు తినిపిస్తారా?"

"జొన్నరొట్టె తుంట అవ్వా!" అని నేను పరదా వెనక నుంచి అనేశాను.

ముసలామె పకపకా నవ్వింది. "ఎవురే అది? ఇట్లా రా. నువ్వు కుట్టినావా? నీ బిడ్డకా?"

నేను పరదా దాటి వచ్చి నోరు తెరిచేలోపు అత్త అందుకుంది. "బిడ్డకు శాటిన్ మెత్తలుండాయి పెద్దమ్మా. ఇది మీకు నచ్చితే తీస్కపోండి. మీకంటే ఎక్కువా?"

అమ్మ చీరలు ఆమె ఒళ్లో ఉన్నాయి. గడప దాటితే ఇక రావు. చెయ్యి చాచి బొంత అంచు పట్టుకున్నాను. మాట కూడా వచ్చేసింది. "ఇయ్యను."

"ఏమంటివే?" అంది అత్త.

"ఇయ్యనత్తా. మా అమ్మది."

నగల కోడలు లేచి నిలబడింది. "పా అత్తా. ఈ ఇంట్లో కోడలు మాట్లాడతాంటే అత్త ఇంటాంది. ఇట్లాంటోళ్ల కాడ పెళ్లి బట్టలా?" ముసలామె బొంతను నా చేతిలో పెట్టింది. వాళ్లు ఒక్క రవికగుడ్డ కూడా కొనకుండా వెళ్లిపోయారు.

అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. సాయంత్రానికల్లా వీధంతా పొక్కింది. అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా. కోడలు ఎదురు తిరిగిందంటే పరువు తక్కువ. అత్త ఆలోచించి ఒక మాట పట్టుకుంది. "దానికి గాలి సోకింది. అది మాట్లాడలేదమ్మా, దాన్ని పట్టింది మాట్లాడింది."

నన్ను దర్గాకు తీసుకుపోయి చేతికి తాయత్తు కట్టించారు. శుక్రవారం ఆడవాళ్లు ఇప్పుడు చీర అంచు చూడటం లేదు, నా కళ్లలోకి చూస్తున్నారు, ఏమైనా కదులుతుందేమో అని. పరాయి చీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుని, ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. ఆ "ఇయ్యను" అన్నది నిజంగా నేనేనా?

ఒక మేలు మాత్రం జరిగింది. నేను నడవలో కూర్చుని బొంతలు కుట్టుకుంటున్నా అడ్డం చెప్పేవాళ్లు లేరు. "కదిలించొద్దు, పట్టింది కుట్టుకుంటాంది," అనేది అత్త. చెప్పగా చెప్పగా ఆమే నమ్మిందో ఏమో, సూది నా చేతిలో ఉంటే దగ్గరికి వచ్చేది కాదు.

ఆడపిల్ల పుట్టింది. అమ్మ చీరల బొంత మీదే పడుకోబెట్టాను. శాటిన్ మెత్తలు అలమారలో అద్దం వెనక, వచ్చినవాళ్లు చూసేలా ఉన్నాయి.

మొన్న శుక్రవారం ఒకామె తాంబూలం నోట్లో పెట్టుకుంటూ తాపీగా అంది. "గాలి పట్టిన తల్లి పక్కన పసిబిడ్డను ఎట్లా ఉంచుతాండావక్కా? నీ గదిలో పండబెట్టుకోరాదా?"

అందరూ అత్త వైపు తిరిగారు. నలుగురూ మంచిదంటే అత్త ఏదైనా చేస్తుంది, నాకు తెలుసు. అత్త బిడ్డను చూసింది, బొంతను చూసింది, వాళ్లను చూసింది.

"ఆ బొంత మీద తప్ప యాడా పండుకోదమ్మా. నేనూ చూసినా," అంది. తర్వాత నా వైపు తిరిగి, "లెయ్యే, చీరకు చెమట అంటతాంది," అంది.

ఆ శుక్రవారం గడిచింది. మళ్లీ శుక్రవారం వస్తుంది. అప్పుడు అత్త ఏమంటుందో తెలియదు. ఇప్పుడు ఇంకో బొంత కుట్టాను, పాప పెద్దయ్యాక కప్పుకోవడానికి. తాయత్తు తాడు నిన్న తెగింది. ఆఖరి మూలలో రొట్టె తుంటతో పాటు ఆ తాయత్తును కూడా పెట్టి కుట్టేశాను. బోసిపోయిన చెయ్యి అత్త కంటపడకుండా కొంగు కప్పుకుని తిరుగుతున్నాను.