తాత బొమ్మల సినిమాలు, నా పాడునవ్వు

మా పక్కింటి తాత పోయారు. ఆ కబురు నాకు ఆయన భార్య, పెద్దమ్మే తెచ్చింది. పొద్దున కారప్పొడికి మిరపకాయలు వేయిస్తున్నాను. ఇల్లంతా ఘాటు. తలుపు తీసేసరికి ఆవిడ గడప అవతల నిలబడి ఉంది. "జర వస్తవా బిడ్డా? మీ తాత లేస్తలేడు. మస్తు పిలిచిన," అంది. ఆయనకు చెవులు వినపడవు కదా, పిలిస్తే ఎప్పుడు లేచారు గనక, తట్టి లేపాలి గానీ అన్నాను. "తట్టిన గూడ," అంది. పొయ్యి ఆపి వెళ్ళాను. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ సిగ్గుతో చెయ్యి సాగడం లేదు. ఎందుకో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత ఎవరో చెబితే విని నన్ను ఇంకా చులకనగా చూస్తారు. ఆయన్ని హాల్లో పడుకోబెట్టి ఉండగా, కింద పాడె కడుతుండగా, వచ్చినవాళ్ళందరి ఎదుటా నేను పగలబడి నవ్వాను. దుఃఖం ఎక్కువై అలా అయిందని మావారు అందరికీ సర్దిచెప్పారు. దుఃఖం లేదనను. కానీ ఆ నవ్వు మాత్రం నిజంగా నవ్వొచ్చి నవ్విందే.

మేం సూరత్ వచ్చింది మావారి ఉద్యోగం వల్ల. ఆయన ఊరవతల పల్సానాలో ఒక రంగుల మిల్లులో పనిచేస్తారు. నేను ఇంట్లో పొడులూ పచ్చళ్ళూ చేసి తెలిసినవాళ్ళకు అమ్ముతాను. మాకు ఇద్దరు ఆడపిల్లలు. ఊళ్ళో ఉధ్నా అనే పేటలో మా అద్దె ఇంటికీ తాతవాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క గోడే. తాత కుర్రతనంలోనే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల్లో చేరారు. వాళ్ళు వాటిని సాంచెలంటారు. జీవితమంతా ఆ సాంచెల మోతలో నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నారు. దాని గురించి ఆయనకేమీ బాధ ఉన్నట్టు కనిపించేది కాదు. "చెవులు సాంచెకిచ్చిన, కండ్లు నా దగ్గెర్నే పెట్టుకున్న," అనేవారు.

చెవిటివాళ్ళందరిలాగే ఆయనకూ గొంతు పెద్దది. "చాయ్ తాగుతవా బిడ్డా?" అని నన్ను అడిగితే కింద ఆటోవాడు తలెత్తి చూసేవాడు. మొదట్లో నేను "తాతగారూ, తాతగారూ" అని పిలుస్తుంటే ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, "నా చెవుల పడేదే సగం. అండ్ల గారు గీరు ఎందుకు, దండుగ," అన్నారు. ఆ రోజు నుంచి నాకూ, నా పిల్లలకూ ఆయన ఉత్త తాతే.

ఆయనకు పాత బొమ్మల సినిమాలంటే ప్రాణం. ఒక్కొక్కటీ అయిదారు నిమిషాలకు మించని చిన్న చిన్నవి. మాటలుండవు, పరుగులూ, పడడాలూ, దెబ్బలూ అంతే. వాటి సంగతి ఆయనే చెప్పారు. కూతురు చిన్నప్పుడు సెలవు రోజున గల్లీ మొత్తం చందా వేసుకుని వీడియో పెట్టె అద్దెకు తెచ్చేవారట. సినిమా మొదలయ్యే ముందు అందరూ వచ్చి సర్దుకుని కూర్చునేదాకా ఆ అద్దెవాడు బొమ్మల క్యాసెట్ వేసేవాడట. సినిమాలో మాటలు ఈయనకు సరిగ్గా అందేవి కావు. బొమ్మలు మాత్రం పూర్తిగా అందేవి. "సినిమా మీ అందరిది, బొమ్మలు నావి," అనేవారట. కూతురు పెళ్ళయి షోలాపూర్ వెళ్ళిపోయింది. క్యాసెట్లు పోయి డిస్కులు వచ్చాయి, డిస్కులూ పోయాయి. ఎవరికీ అక్కర్లేని ఆ డిస్కుల్నీ, వాటిని ఆడించే పెట్టెనీ ఆయన ఆదివారం సంతలో పాత సామాను కుప్పల్లోంచి ఏరి తెచ్చుకున్నారు.

నేనూ చిన్నప్పుడు అలాంటివి చూసినదాన్నే. అయినా ఫోన్లో రంగుల బొమ్మలు చూసే మా పిల్లలు ఆ గీతలు పడ్డ పాత డిస్కుల్ని చూస్తారంటే నమ్మలేదు. రెండు రోజులు తాతవాళ్ళింటికి పంపాను. మూడో రోజు నేను పిలిచినా రాలేదు. ఏం చేస్తున్నారో చూద్దామని వెళ్తే టీవీకి చప్పుడే లేదు. చప్పుడు ఆయనకెలాగూ పనికిరాదని మూసేశారు. తెర మీద లావుపాటి వంటవాడొకడు కోడిని తరుముతున్నాడు. తాత చేతులతో కథ చెబుతున్నారు.

సాంచెల దగ్గర పనిచేసేవాళ్ళకు చేతుల భాష ఒకటుంటుంది. ఆ మోతలో అరిచినా వినపడదు కనక అన్నీ సైగలే. రెండు చూపుడువేళ్ళు కొక్కేల్లా తగిలించి విడదీస్తే దారం తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. గాలిలో మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని, అంటే కార్ఖానా యజమాని. ఆ సైగ కనపడితే ఖైనీ నములుతున్నవాడు ఉమ్మేసి, కూర్చున్నవాడు లేచి, ఎక్కడివాళ్ళక్కడ సర్దుకోవాలి. తాత ఆ సైగలన్నీ బొమ్మలకు పెట్టేశారు. కోడి చేజారితే దారం తెగినట్టు. గోడ చాటునుంచి పెద్దకుక్క వస్తే మీసం మెలేసినట్టు. నా పిల్లలిద్దరూ సోఫా మీదనుంచి లేచి సర్దుకునేవారు. నవ్వలేక చచ్చేదాన్ని.

ఇంకో అలవాటుండేది ఆయనకు. వంటవాడు గోడ మీదనుంచి పడితే పిల్లలు వెంటనే నవ్వకూడదు. తాత అరచెయ్యి ఎత్తి ఆపేవారు. వాడు కళ్ళు తెరిచి, తల విదిలించుకుని లేస్తేనే చెయ్యి దించేవారు, అప్పుడు నవ్వాలి. "పడ్డోడు లేస్తడని తెలిసినంక నవ్వాలె. లేవకపోతే? నవ్వినోని మొకం ఏడ పెట్టుకోవాలె?" అనేవారు. లేస్తాడని చిన్నదానికి ముందే తెలుసు, ఆ డిస్కు అరిగిపోయేదాకా చూసింది. అయినా ఊపిరి బిగబట్టి ఆగేది. ఆ ఆగడంలోనే దానికి సగం సంతోషం.

ఇక నా సంగతి. మా పుట్టింట్లో అందరికీ ఈ జబ్బుంది, నవ్వు ఆగదు. నవ్వు నాలుగు విధాల చేటని మా అమ్మ చెవినిల్లు కట్టుకుని పోరేది, పోరుతూ పోరుతూ తనే నవ్వేసేది. పెళ్ళిపీటల మీద పురోహితుడి తుమ్ముకు నవ్వి మా అత్తగారి దగ్గర పడ్డ చీవాట్లు ఇప్పటికీ మరిచిపోలేదు. అయినా బుద్ధి రాలేదు.

షోలాపూర్ నుంచి కూతురు వచ్చేసరికి మర్నాడయింది, అప్పటికి హాలు నిండిపోయింది. ఆయనతో పనిచేసిన ముసలివాళ్ళు గోడవారగా కూర్చున్నారు. పెద్దమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. నేను పిల్లలతో కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఇంతలో మెట్లమీద ఎవరో తెల్లబట్టల పెద్దమనిషి దండ పట్టుకుని ఎక్కి వస్తున్నాడు. "సేఠ్ వచ్చిండు," అని ఒకాయన గొణిగాడు. అంతే, మా చిన్నది గబగబా తాత మొహం ఎదురుగా వెళ్ళి నిలబడి, గాలిలో మీసం మెలేసింది. సేఠ్‌కు మీసమే లేదు, నున్నగా గీయించుకున్నాడు. అయినా ఆ సైగ చూడగానే గోడవారనున్న ముసలివాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఒకాయన చేతిలో నలుపుతున్న ఖైనీని చటుక్కున జేబులో పోసుకున్నాడు. తనకు మర్యాద చేస్తున్నారనుకుని సేఠ్ దండ చంకలో పెట్టుకుని, "జై శ్రీకృష్ణ, బేసో బేసో," అంటూ అందరికీ దణ్ణం పెట్టి కూర్చోమన్నాడు.

నేను నవ్వాను. ఆపుకుందామనుకున్నాను, ముక్కులోంచి వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఇంకా పెద్దగా వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళు తలలు దించుకుని భుజాలు కదిపారు. షోలాపూర్ కూతురు నన్ను చూసిన చూపు చెప్పలేను. పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది, తర్వాత వాళ్ళను చూసింది, చిన్నదాన్ని చూసింది, మళ్ళీ తల దించుకుంది. నేను చిన్నదాన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాను.

"చావింట్లో ఆ వేషాలేమిటే?" అని మెట్ల మీద దాన్ని కసిరాను.

"వేషం కాదు మమ్మీ, తాతకు చెప్పా. సేఠ్ ఆయా నా! చెప్తే తాతకు సునాయీ నై దేతా, అందుకే చేత్తో చెప్పా," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. "తాత లేవలే."

అది విన్నాక ఆ మెట్ల మీదే కూలబడ్డాను. పడ్డవాడు లేస్తాడని తెలిశాక నవ్వాలని చెప్పిన మనిషి, ఇక లేవని రోజున, ఆయన ముందే నవ్విన మొహం నాది. నవ్వినవాడి మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆయన చెప్పలేదు.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగు వండి పంపాలి. వండాను, ఆ విషయంలో లోటు చెయ్యలేదు. కానీ తీసుకెళ్ళి పెట్టే మొహం లేక పిల్లల చేత పంపాను. అన్నం, పప్పు, చారు. గిన్నెలు వాళ్ళే తీసుకెళ్ళేవారు, వాళ్ళే తెచ్చేవారు. పక్కింట్లోనే ఉన్న మనిషిని పలకరించకుండా గోడకివతల చెవి పెట్టి ఆవిడ దగ్గు వింటూ కూర్చున్నాను. మెట్ల మీద ఆ కూతురి అడుగుల చప్పుడైతే తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. మావారు, "ఒకసారి వెళ్ళి క్షమించమని అడుగు, అయిపోతుంది," అన్నారు. ఏమని అడగను? మీ ఆయన శవం ముందు నవ్వొచ్చింది పెద్దమ్మా, క్షమించు అనా?

మైల ఇంకా తీరలేదు, ఒక మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళిన పిల్లలు ఎంతకీ తిరిగి రాలేదు. గోడ అవతలనుంచి వాళ్ళ కేరింతలు వినపడ్డాయి. తల్లి చేసింది చాలదా, పిల్లలు కూడానా అనుకుంటూ పరుగెత్తాను. టీవీ మీద కప్పిన దుప్పటి తీసేసి ఉంది. బొమ్మ ఆడుతోంది. మైల ఇంట్లో టీవీ పెట్టరని తెలియనంత చిన్నవాళ్ళేం కాదు. రెండంగల్లో వెళ్ళి తీసేయబోయాను.

"ఉండనియ్యి బిడ్డా. నేనే పెట్టమన్న," అంది పెద్దమ్మ. చాపమీద పిల్లలిద్దరి మధ్య కూర్చుని ఉంది. కూతురు బజారుకెళ్ళినట్టుంది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

నేను నిలబడ్డచోటే నిలబడి, "పెద్దమ్మా, ఆ రోజు నేను..." అన్నాను.

"నవ్వినవ్ గద," అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు నవ్వినవ్, ఆయన దోస్తులు నవ్విన్రు. గింతంత పిల్ల ఏందో చెప్పిందంట, అందరికి సమజైంది. నాకొక్కదానికే కాకపాయె. రాత్రంత అదే ఆలోచన చేసిన. మా ఆడోళ్ళం కార్ఖాన్ల అడుగు పెట్టలే బిడ్డా. ఇంటికొస్తే నాతోని అరుసుడే, చేతులతోని గింత ముచ్చట చెప్తడని నాకేమెరుక? వీళ్ళకు బొమ్మలు చూపెట్టేటప్పుడు నేను గోడ దిక్కు తిరిగి కూలికి తెచ్చిన చీరెల దారాలు కత్తిరిచ్చుకుంట కూసునేదాన్ని. ఒక్కనాడన్న ఇటు తిరగలే."

అప్పుడు నాకు ఇంకా సిగ్గేసింది. ఇన్నాళ్ళూ గోడ ఇవతల కూర్చుని నా పరువు గురించి నేను కుమిలిపోయాను. ఆ హాల్లో ఆవిడ ఒక్కతే అర్థం కాక మా మొహాలు చూసిందని నాకు తట్టనే లేదు. పెళ్ళాం తప్ప అందరూ మాట్లాడే భాషలో ఆయన గురించి అందరం నవ్వుకున్నాం. దానికి క్షమాపణ ఏమని అడగాలో నాకు రాదు. ఆవిడ పక్కన చాపమీద కూర్చుని సేఠ్ సంగతీ, మీసం సంగతీ, ఖైనీ జేబులో పోసుకున్న ఆయన సంగతీ మొదటినుంచీ చెప్పాను. శ్రద్ధగా విన్నది. నవ్వలేదు. "ఖైని పోసుకున్నోడు బక్కగుంటడా? ఆయనకు జిగ్రీ దోస్తు," అని మాత్రం అంది.

పెద్దది ఇంకో డిస్కు వేసింది. ఒక ఏనుగుపిల్ల గొడుగు కొనుక్కుని వాన కోసం ఎదురుచూస్తోంది. గొడుగు తెరిస్తే ఎండ, మూస్తే వాన. "జో అవ్వా, జో!" అని గుజరాతీలో చూడమంటూ చిన్నది ఆవిడ గడ్డం పట్టుకుని తెరవైపు తిప్పి, చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఒకసారి దాని చేతుల వైపూ ఒకసారి తెరవైపూ చూస్తోంది. ఏనుగుపిల్ల గొడుగు మూసి చంకలో పెట్టుకుంది. కుండపోత. తెరిచింది, ఎండ. విసుగొచ్చి గొడుగుతో సహా బావిలోకి దిగి కూర్చుంది. బావి ఎండిపోయింది.

పెద్దమ్మ నవ్వింది. మొదట గొంతులో చిన్న శబ్దం. తర్వాత ఒళ్ళంతా కదిలింది. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది, ఎవరో పరామర్శకు వస్తున్నారు. ఆవిడ కొంగు గుప్పిట్లో కుక్కుకుని నోటికి అడ్డం పెట్టుకుని, తీసి ఉన్న తలుపు వైపు బెదురుగా చూసింది.

నేను లేచి తలుపు మూసి గడియ పెట్టాను. బయటినుంచి ఎవరో తట్టారు. "వస్తున్నామండీ, కొంచెం ఉండండి," అని తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఏనుగుపిల్ల బావిలోంచి తొండం పైకెత్తి ఆకాశం వైపు చూస్తోంది. పెద్దమ్మ నోటి మీది కొంగు తీసేసింది.