క్రుసెలీనా వదిన చేతి అల్లిక

అమ్మో, కార్మెన్ మాతా! ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ సిలువ గుర్తు వేసుకుంటాను. ఊరందరికీ తెలిసిన గుట్టు ఈ ఎనైదాకు తెలియదంటే నమ్ముతారా? నమ్మక తప్పదు. ఎనైదా నోట్లో నువ్వుగింజ నానదని ఈ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. అందుకే ఎవరూ నా చెవిన వెయ్యలేదు.

క్రుసెలీనా మా అన్న భార్య. అన్న పోయి చాలాకాలమైంది. అత్రాతో అనే నది ఒడ్డున మా రెండిళ్ళూ ఒకే రేకు కప్పు కింద ఉంటాయి, మధ్య పలకల గోడ ఒక్కటే అడ్డం. ఆవిడ దగ్గితే నాకు వినిపిస్తుంది, నేను తిడితే ఆవిడకు వినిపిస్తుంది. శనివారం వచ్చిందంటే వదిన నదివైపు మెట్ల మీద పైమెట్టున కూర్చుంటుంది. ఒకరి తరవాత ఒకరు వచ్చి కింది మెట్టున కూర్చుని, జడలు అల్లమని తల అప్పగిస్తారు. పని పూర్తయ్యాక లేస్తూ అందరూ అనే మాట ఒకటే: "శనివారం వస్తాను."

ఆ పని వాళ్ళమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకుంది. ముందు పాత జడలు విప్పాలి. నీళ్ళు చిలకరించాలి. అడవి తాటికాయల నూనె అరచేతుల్లో వేడెక్కేదాకా రుద్ది పట్టించాలి. కొసల దగ్గర మొదలుపెట్టి కుదుళ్ళ దాకా వేళ్ళతోనే చిక్కు తియ్యాలి. దువ్వెన ఆ తరవాతే. అదీ వెడల్పు పళ్ళ కర్రదువ్వెన. అప్పుడు పాపిళ్ళు తీసి, మాడుకు అంటిపెట్టుకునేలా సన్నజడలు అల్లాలి. "ఎండు జుట్టు మీద దువ్వెన పెట్టేదానికి ఉంగరాల జుట్టు ఎందుకిచ్చాడో దేవుడు!" అని తిట్టేది. "రాత్రి గుడ్డ కట్టుకుని పడుకోండే! మీ నూనె దిండు తాగాలా, తల తాగాలా?" అని కేకలేసేది. రాలిన వెంట్రుకల్ని ఉండచుట్టి పొయ్యిలో వేసేది. పిట్ట గూటికి ఎత్తుకుపోతే మనిషికి తలనొప్పి వదలదని మాకందరికీ తెలుసు కదా.

జడ చూసి ఎవరి చెయ్యో చెప్పేయొచ్చు. వదిన చెయ్యి పడిందంటే నదిలో మునిగి లేచినా పాయ కదలదనేవాళ్ళు. ఆవిడ దగ్గర యిర్లెసా అని ఒక పిల్ల నేర్చుకునేది. ఎడమచేతి వాటం. "నీ అల్లిక పాము వెనక్కి పాకినట్టుంది, నీకు రాదు పోవే" అని ఒకరోజు వెళ్ళగొట్టింది. ఆ పిల్ల చర్చి వెనకాల కాపురం పెట్టింది. ఇద్దరికీ మాటల్లేవు.

ఆ వారం కార్మెన్ మాత పండుగ. పడవల ఊరేగింపులో ముందు నిలబడే ఆడపిల్లల తలలు వదినే అల్లాలి. అది ఆవిడ హక్కు, ఆవిడ ప్రాణం. శనివారం పొద్దుటినుంచీ మెట్లు ఖాళీ లేవు. నేను పక్కన చేపలు తోముతున్నాను. కొంతకాలంగా అందరూ జడలు ఇంట్లోనే విప్పుకుని వస్తున్నారు. "నీకు శ్రమెందుకని" అంటారు. ఎంత బుద్ధిమంతులయ్యారు వీళ్ళు అనుకునేదాన్ని, పిచ్చిదాన్ని!

చివర్లో నికొలాసా వచ్చింది. వదిన కూతురికి జ్ఞానతల్లి ఆవిడే, అందుకే ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. పడవ దిగుతూ జారి పడి చెయ్యి మెడకు వేలాడేసుకుంది. జడలు విప్పుకోలేదు.

"ఈసారికి వద్దులే కొమాద్రే, చెయ్యి నొప్పి."

"నొప్పి చేతికి కదా, తలక్కాదుగా! పండుగకు పాత జడలతో వస్తావా? కూర్చో!"

కూర్చుంది. వదిన మొదటి జడ కొస పట్టుకుంది. పాయ లాగింది. మళ్ళీ లాగింది. ఆగిపోయింది.

"ఎనైదా, ఇటు రా."

"ఏమైంది?"

"ఇది నా అల్లిక కాదు."

"పోయిన శనివారం నా కళ్ళముందే అల్లావు కదా, వదినా!"

"కుడిపాయ లాగితే విడాలి. బిగుసుకుంటోంది. ఇది ఎడమచెయ్యి."

నా చేతిలోని చేప జారి నీళ్ళలో పడింది. మా ఊళ్ళో మొగుణ్ణి వదిలిపోయినదాన్నయినా మళ్ళీ గడప తొక్కనిస్తారు గానీ, అల్లే చెయ్యి మార్చినదాన్ని మన్నించరు. "ఒసేయ్ నికొలాసా! సిగ్గులేదటే? పొద్దున ఇక్కడ కూర్చుని, సాయంత్రం దాని దగ్గర కూర్చుంటావా? ఈవిడ చేతి పులుసు ఎంత తాగి ఉంటావే!" అని మీద పడ్డాను.

నికొలాసా ఏడుపందుకుంది. "నన్నొక్కదాన్నే అంటావేం? నేనొక్కదాన్నేనా?"

వదిన లేచింది. అప్పుడే మొదలైన వానలో మెట్లు దిగి చర్చివైపు నడిచింది. నేను చేపల కత్తి పట్టుకునే వెనక పరిగెత్తాను. వెళ్ళి చూద్దుము కదా, యిర్లెసా పెరట్లో రేకుల కింద బల్ల నిండా ఆడవాళ్ళు! పొద్దున మా మెట్ల మీంచి "శనివారం వస్తాను" అని లేచిపోయినవాళ్ళే. సగం విప్పిన తలలు. ఊరేగింపు పిల్లలు. ఆ చివర, తల దించుకుని, నా కడుపున పుట్టిన డెల్సీ!

"నువ్వు కూడానటే!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా ఇంటి ఉప్పు తిని, మా ఇంటి పరువు ఇక్కడ విప్పుకుంటారా? ఏమే యిర్లెసా, ఆవిడ నేర్పిన విద్యతో ఆవిడ నోటికాడ కూడే లాక్కుంటావా?"

యిర్లెసా ఎడమచేతిలో దువ్వెనతో నిలబడిపోయింది. నావైపు చూడలేదు. వదిన వైపే చూసింది.

"అత్తా, నీ వేళ్ళలో పట్టు లేదు. ఆదివారం పూజకు వెళ్ళేలోపే జడలు జారిపోతున్నాయి. నీకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నేనెక్కడా చెప్పుకోలేదు. నీ పాపిళ్ళు చెరపలేదు. నువ్వు తీసిన దారుల్లోనే అల్లాను."

నాకు మతిపోయింది. నిజమే, వదిన చేతిలో కాఫీ ఒలుకుతుంటే చూశాను. వయసనుకున్నాను. గోడ ఇవతల కూర్చుని ఊరందరి సంగతులూ మోసినదాన్ని, ఈ ఒక్కటీ కనిపెట్టలేకపోయాను.

వదిన తన వేళ్ళకేసి చూసుకుంటూ నిలబడింది. ఇక ఈవిడ మెట్టు మీద కూర్చోదు, కూర్చోకపోతే బతకదు అనిపించింది. అప్పుడు ఆవిడ చేతులు తన నీలం తలగుడ్డ ముడి దగ్గరకు వెళ్ళాయి. ఆ గుడ్డ లేకుండా ఆవిడను చూసి ఎన్నాళ్ళయిందో! ముడి రాలేదు, వేళ్ళు జారిపోతున్నాయి. నేను ముందుకు వెళ్తే మోచేత్తో నెట్టింది. మళ్ళీ ప్రయత్నించింది. చివరికి తల నావైపు వంచింది. నేనే విప్పాను.

దేవుడా! జుట్టంతా ఒకే ముద్ద. ఎండిపోయి, పాత కొబ్బరిపీచులా అట్టకట్టుకుపోయింది. చెవి పక్కన కొంత మేర ఊడి, చర్మం కనిపిస్తోంది. ఊరందరి తలలూ దువ్విన మనిషి తల అది. మా వెనకే వచ్చిన నికొలాసా బాగున్న చేత్తో నోరు మూసుకుంది.

"ఎప్పట్నుంచి వదినా?"

"చేతులు పైకి లేవడం మానేసినప్పట్నుంచి."

"గోడ ఇవతలే ఉన్నాను కదా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టే కదే," అంది.

కోపంతో అనలేదు. మామూలుగా అంది.

వదిన వెళ్ళి యిర్లెసాను కూర్చోమని సైగచేసి, ఆ పిల్ల మోకాళ్ళ మధ్య కింద కూర్చుంది.

"ఎండు జుట్టు మీద దువ్వెన పెట్టావో, వేళ్ళు విరగ్గొడతాను."

"ముందు నీళ్ళు, తరవాత నూనె. తెలుసత్తా."

"పండుగ పిల్లలు కూర్చున్నారు, ముందు వాళ్ళని..."

"కూర్చుంటారులే," అంది నికొలాసా ముక్కు చీదుతూ.

సాయంత్రమైంది. బల్ల మీది ఆడవాళ్ళు తలా ఒక పాయ పట్టుకుని కొసల నుంచి వేళ్ళతో విడదీశారు. నికొలాసా ఒంటిచేత్తో నూనె గిన్నె పట్టుకుంది. విడవని చోట కత్తిరించక తప్పలేదు. కత్తెర చప్పుడైనప్పుడల్లా వదిన కళ్ళు మూసుకుంది, నేనూ మూసుకున్నాను. ఊడినది, కోసినది, అంతా ఏరి ఉండచుట్టి పొయ్యిలో వేసింది నేనే. ఒక్క వెంట్రుక కూడా పిట్టలకు వదల్లేదు.

అల్లడం అయ్యాక వదిన అరచెయ్యి నెమ్మదిగా తల మీద నడిపించుకుంది. ఒక్కో పాపిడీ తడిమింది.

"ఎడమచెయ్యే," అంది.

"అవునత్తా."

"నొప్పెట్టలేదు."

వదిన నా భుజం పట్టుకుని లేచింది. తలగుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది. పెరడు దాటబోతూ వెనక్కి తిరిగి, "శనివారం వస్తాను," అంది.