మొసలి కనిపిస్తే ముందుకెళ్లేదెవరు?

మా మేనకోడలు హారికకి పార్క్ రేంజర్ ఉద్యోగం వచ్చింది. సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో ఉండే వాళ్ల నాన్నకి, అంటే మా బావకి, అదొక దెబ్బ. "డిగ్రీ చదివించింది ఆకులు ఊడవడానికా?" అని ఆయన బాధ. నాన్న సరేనంటేనే చేరతానని పిల్ల పట్టు. సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఊరినుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఖాళీ మనిషిని నేనే కాబట్టి, "నువ్వెళ్లి చూసిరావయ్యా, నువ్వెలా చెబితే అలా" అన్నాడు బావ. పదో తరగతి రెండుసార్లు రాసినవాడి మీద అంత బరువు పెట్టకూడదు.

పొద్దున్నే ఆరున్నరకి నేనూ హారికా బయల్దేరాం. రెండుచోట్ల ట్రైన్ మారి క్రాంజి, అక్కణ్ణుంచి బస్సు. గంటన్నర పైనే పట్టింది. మనిషికి మూడు డాలర్లలోపే అయింది, మడ అడవి పార్కులోకి టికెట్టే లేదు. ఊరికే రానిస్తున్నారంటే లోపల ఏదో ఉంటుందనుకున్నా. గేటు దగ్గరే బోర్డు మీద మొసలి బొమ్మ కనపడింది.

"ఇది నిజంగా ఉందా, అందానికి పెట్టారా?"

"ఉన్నాయి మావయ్యా. రిలాక్స్ లా," అంది సింగపూర్ యాసలో.

ఉంది అనలేదు. ఉన్నాయి అంది.

ఆటు సమయం, సముద్రపు నీళ్లు బాగా వెనక్కి తీశాయి. బురద నిండా దుంగలే. ప్రతి దుంగకీ కళ్లున్నాయేమోనని వెతుక్కుంటూ నడిచా. మలుపులో యూనిఫాం వేసుకుని చీపురు పట్టుకున్న ఒకాయన మా మాటలు విని "తెలుగోళ్లా?" అన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పేరు అప్పల్రాజు. బావ మాటే నిజమైపోయిందని నా ప్రాణం ఉసూరుమంది.

"రేంజర్ గారూ, మీరేం చదివారు?"

"ఎనిమిదండి. నేను రేంజర్నేటి బాబూ! అదిగో, ఆవిడ."

దూరంగా రేడియో పట్టుకుని, హారికంత సన్నగా ఒకామె పక్షుల్ని లెక్కపెడుతోంది.

"మరి మీకూ ఆవిడకీ తేడా?"

"ఇద్దరిదీ ఇదే దారి, ఇవే దోమలు. ఆవిడ జంతువుల గురించి చదివింది, దెబ్బ తగిలితే కట్టు కడతది, బడిపిల్లల్ని తిప్పుతది, తప్పు చేస్తే ఫైన్ రాస్తది. నాది ఆకులూ చెత్తడబ్బాలూ. మొసలి కనపడితే నన్ను వెనక్కి నడవమన్నారు. ఆవిడ ముందుకెళ్లాలి."

ఆ మాట పూర్తయిందో లేదో, గట్టు కింద ఒక దుంగ నోరు తెరిచింది.

దానికి పది అడుగుల్లో ఒక ముసలాయన కంచె దాటి కూర్చుని, కెమెరా కొంగలవైపు తిప్పి ఉన్నాడు. చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు, మేం అరిచినా తిరగలేదు. అప్పల్రాజు ఆ రేంజర్‌కి ఫోన్ చేసి, మా ఇద్దరి చేతులూ పట్టుకుని వెనక్కి లాగాడు. నా కాళ్లు నాకంటే ముందే వెనక్కి వెళ్లాయి.

రేంజర్ వచ్చింది. పరిగెత్తలేదు. కంచె దాటి, చేతిలో కర్రైనా లేకుండా, ముసలాయన వెనకగా వెళ్లి భుజం తట్టి ఏదో చెప్పింది. ఆయన కెమెరా సర్దుకోబోయాడు. వద్దని చెయ్యి ఊపి, ఆయన్ని ముందు పంపి, తాను మొసలివైపే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. మొసలి తోక రెండుసార్లు కదిలింది. ఆయన్ని కంచె దాటించాకే తాను దాటింది.

హారికవైపు తిరిగా.

"నీకు భయం వేసిందా?"

"చాలా. నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పు."

తిరుగు బస్సులో బావకి ఫోన్ చేశా. ఊడ్చే పని కాదని చెప్పా, ఆ పనైతే నేనింత వణికేవాణ్ణి కాదనీ చెప్పా. మొసలి సంగతంతా చెప్పా. "దానికి భయం వేసిందా?" అన్నాడు. వేసిందన్నా. "అయినా చేరతానంటోందా?" అంటోందన్నా. "సరే, చేరమను. ఆ మొసలికి మాత్రం దూరంగా ఉండమను" అన్నాడు. అప్పటిదాకా ఆయనది పరువు గురించిన బాధ, అది నయం. ఇప్పుడు ఆయనకీ నా భయమే అంటుకుంది. ఊడ్చే మనిషి ఎండకి మాడతాడు, రేంజర్ ప్రాణానికి తెగించి మొసలికి ఎదురెళ్తుంది. ఏది పెద్ద ఉద్యోగమో తేల్చే తెలివి నాకు లేదు.

మీరు ఆ పార్కుకి వెళ్తే, గేటు దగ్గర రాసిపెట్టిన పార్కు నంబరు ముందే ఫోన్లో ఎక్కించుకోండి. ఫోన్ చేయాల్సొస్తే మీరున్న చోటు సరిగ్గా చెప్పండి. వచ్చేది మా పిల్ల కావచ్చు.